మాంసమునకును జాడ యుండవలెను

మన తీరమున పట్టిన చేప ఐరోపాకు ఎగుమతి కావలెనన్న, ఎవరు ఎచట పట్టిరో తెలుపు ధ్రువపత్రము 2010 నుండి అవసరమైనది. పొడంపేటవంటి పల్లెల వలకే ఇంత లెక్క యున్నప్పుడు, బరంపురపు అంగడిలో మనము కొను మేకమాంసము ఏ మందదో అడుగుట తప్పగునా?

పశువు చెవికి 12 అంకెల బిళ్ల వేయుట మన దేశమున జరుగుచున్నది. కాని తల వేరైనంతనే ఆ సంఖ్యయు వేరగును. ఖండములు మిగులును, జాడ మిగులదు. 2013లో ఐరోపాలో గొడ్డుమాంసమని అమ్మిన వంటకములలో గుర్రపు మాంసము బయటపడెను. దానిని పట్టినది డి.ఎన్.ఏ. పరీక్ష. హైదరాబాదు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థయు ఇట్టి పరీక్షలు చేయుచున్నది.

ఐనను పరీక్ష, మోసము జరిగిన పిమ్మటి మాట. కోత బల్లవద్దనే చెవి సంఖ్యను ప్రతి ఖండపు చీటీకి ఎక్కించుట ముందటి మాట. వర్తకులమగుటచే దాని ఖర్చు మేమెరుగుదుము. చిన్న దుకాణదారు ఆ భారము మోయజాలడు. కావున పురపాలక వధశాలలందే ఇది ఆరంభము కావలెను.

ఆ చీటీపై ఒడియాతోపాటు తెలుగును ఉండవలెనని మా మనవి. కొనువాడు చదువలేని చీటీ యుండియు లేనట్లే.