565 కిలోమీటర్ల బ్యాటు, పదకొండేళ్ల చెయ్యి



ఈసారి సియాసత్ లేదు, అదబ్ లేదు. షటిల్ బ్యాటు గురించి రాస్తున్నాను. నవ్వకండి. నెల రోజులుగా మా ఖాందాన్‌లో దీని మీదే జంగ్ నడుస్తోంది. అందరూ ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు.

మా ఆపా వాళ్లది ఆత్రేయపురం. పూతరేకులు చేస్తుంది. తెల్లారి బోర్లించిన కుండ ముందు కూర్చుంటే జుహర్ దాకా లేవదు. (2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆపా నడుముకు ఇంకా ఏ గుర్తింపూ రాలేదు.) ఆ పొగలో కూర్చుని దాచిన పైసలు పట్టుకుని, నా భాంజాని వెంటబెట్టుకుని ఒక ఆటసామాన్ల దుకాణానికి వెళ్లింది. వాడికి పదకొండేళ్లు. బ్యాటు పట్టి మూడు నెలలు కూడా కాలేదు. దుకాణదారు గోడ మీంచి ఒకటి దించి, "అమ్మా, మన అమలాపురం సాత్విక్ రికార్డు కొట్టింది దీంతోనే" అన్నాడట. ధర పదివేలు దాటింది. ఆపా దగ్గర సగమే ఉన్నాయి. మిగతా సగానికి నాకు ఫోను.

"నై ఆపా, ఒక్క పైసా పంపను" అన్నాను. అంతే, ఆ రోజు నుంచి నేను కంజూస్ మామూని.

ముసీబత్ ఏమిటంటే ఆ దుకాణదారు చెప్పింది ఝూట్ కాదు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ స్మాష్ కొడితే కాక్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. 2013 నుంచి ఉన్న 493 రికార్డు ఎగిరిపోయింది. చేతిలో ఉన్నది నానోఫ్లేర్ 1000 జెడ్. గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. మన కోనసీమ పిల్లాడని నా ఛాతీ కూడా ఉబ్బింది.

అయితే ఆ చెయ్యి ఎవరిదో చూడండి. ఆరడుగులు దాటిన మనిషి. ఇంట్లో తండ్రే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. 2014లో గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. రికార్డు నాటికి ఇరవై రెండేళ్లు. ఆ 565లో బ్యాటు హిస్సా ఎంత, ఆ భుజం హిస్సా ఎంత? దుకాణంలో ఈ హిసాబ్ ఎవరూ చెప్పరు.

నిజానికి ఆ బ్యాటే దుకాణాల్లో చెప్పే కబుర్లకు ఉల్టా. "స్మాష్ కావాలంటే తల బరువున్న బ్యాటు తీసుకో" అని ప్రతి కోర్టులోనూ ఒక బుజుర్గ్ సలహా ఇస్తాడు. లోకంలోకెల్లా వేగమైన స్మాష్ తల తేలికగా ఉన్న బ్యాటుతో వచ్చింది! కాకపోతే దాని కాడ మహా బిర్రు. మామూలుగా బ్యాటు విసిరితే కాడ కొంచెం వంగి మళ్లీ లేస్తుంది, ఆ లేవడంలో కాక్‌కి ఊపు వస్తుంది. బిర్రు కాడ వంగాలంటే చెయ్యి మెరుపులా తిరగాలి. అలా తిరగని చేతికి అది కర్రతో సమానం. కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెనక గీత నుంచి అవతలి వెనక గీతకు కాక్ పంపడం నేర్చుకునేవాడి మొదటి ఇమ్తిహాన్. వంగే కాడ అందులో సాయం చేస్తుంది. బిర్రు కాడతో పిల్లాడు ఆ దూరాన్ని భుజంతో లాగుతాడు. మూడు వారాలకు భుజం పట్టేస్తుంది. అప్పుడు "వీడికి ఆట నసీబ్‌లో లేదు" అంటాం.

మరి ఏది కొనాలి? తిరునాళ్లలో జతగా అమ్మే ఇనప బ్యాట్లు మాత్రం వద్దు. అతుకు దగ్గర తల ఊడి ఎవరి మొహానో తగులుతుంది. కాడా చట్రమూ కలిసిన కార్బన్ బ్యాటు వెయ్యికీ రెండు వేలకూ మధ్య దొరుకుతుంది. మీద 4యు అని ఉంటే 80 నుంచి 84 గ్రాములు, 5యు అంటే 75 నుంచి 79. రెండూ పర్వాలేదు. తల బరువు, తల తేలిక అనే బహస్ పక్కనపెట్టి మధ్యస్థంగా ఉన్నది, కాడ వంగేది అడగండి. గట్టింగ్ 20 నుంచి 22 పౌండ్లు చాలు. "బాబు పెద్ద ప్లేయర్ అవుతాడు, 28 వేద్దాం" అంటే షుక్రియా చెప్పి బయటికి రండి. తీగలు ఎంత బిగిస్తే కాక్ సరిగ్గా తగలాల్సిన చోటు అంత చిన్నదవుతుంది. కొత్త చేతికి తీగలే కొంచెం ఎగరేసి పెట్టాలి.

మిగిలిన పైసలు కాక్‌లకు పెట్టండి. అదీ ప్లాస్టిక్ కాక్‌లకు. పదహారు ఈకల కాక్ కొత్తవాడి చేతిలో ఒక్క పూట బతకదు. పైగా ఆరుబయట కొబ్బరిచెట్ల మధ్య గోదావరి గాలికి అది ఎటు పోతుందో దానికే తెలియదు. ఇంకో మాట, మన కోనసీమ ఉక్కలో అరగంటకే పిడి జారుతుంది. చౌకలో వచ్చే గ్రిప్ తరచూ మార్చడం ఖరీదైన బ్యాటు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

"ఒకేసారి మంచిది కొంటే పెద్దయ్యేదాకా ఉంటుంది కదా" అని మా బావగారి దలీల్. వినడానికి సమంజసంగానే ఉంది. కానీ డబుల్స్‌లో ఇద్దరూ ఒకే కాక్‌కి వెళ్లి బ్యాట్లు కొట్టుకుంటే పదివేలది, వెయ్యిది అని తేడా లేకుండా చట్రం చిట్లుతుంది. ఆపా వాళ్ల గల్లీలోనే ఒక అబ్బాయికి వాళ్ల నాన్న అలాంటి ఖరీదైన బ్యాటు కొన్నాడు. కాక్ నేలకు దగ్గరగా వస్తే ఆ అబ్బాయి వంగడు. సిమెంటుకు గీసుకుంటుందని భయం. గట్టు మీంచి నాన్న పాయింటు పాయింటుకీ "బ్యాట్ జాగ్రత్త రా!" అని అరుస్తుంటాడు. ఆ పిల్లాడు ఆడుతున్నాడా, ఆ బ్యాటుకు కాపలా కాస్తున్నాడా?

హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ సాబ్ అని ఒక ఉస్తాద్ ఉన్నారు. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ. గోపీచంద్‌కు చిన్నప్పుడు ఆట నేర్పిన ఉస్తాదుల్లో ఆయన ఒకరు. ఆ షాగిర్ద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, కూల్ డ్రింకు ప్రకటనకు పైసలిస్తామని వస్తే వద్దన్నాడు. తను తాగనిది పిల్లలకు తాగమని ఎలా చెప్తాడు? బ్యాట్లు అమ్మేవాళ్లకూ నాదదే సవాల్. పదకొండేళ్ల మీ సొంత కొడుక్కి మొదటి రోజు ఏది ఇస్తారు?

ఇవన్నీ ఫోన్లో భాంజాకి చెప్పాను. వాడు చాలాసేపు ఖామోష్‌గా ఉండి, "మామూ, నా బ్యాటుని డబ్బా అంటున్నారు. కోర్టులోకి రానివ్వట్లేదు" అన్నాడు.

అప్పుడు నా దలీళ్లన్నీ గాలి తీసిన ట్యూబులయ్యాయి. రంజాన్ రాత్రుల్లో తరావీహ్ అయ్యాక లైట్లు కట్టి ఆడతారే, ఆ కోర్టు సంగతి. ఎదురుగా ఎవరొచ్చినా ముందు చెయ్యి చూస్తారు, చేతిలో ఏ కంపెనీ ఉందో. వాడికి సాత్విక్ బ్యాటు అక్కర్లేదు, ఆడనిస్తే చాలు. ఆ లోపలికి వెళ్లే టిక్కెట్టుకు వాళ్లమ్మ పదివేలు కట్టాలా? పిల్లలు ఈ దిఖావా ఎక్కడ నేర్చుకున్నారు? పెళ్లిలో బండి చూసి కుర్చీ వేసే మనదగ్గరే. ఆ కోర్టులో లైట్లకు చందా వేసే పెద్దమనుషులారా, ఇది మీకే రాస్తున్నాను. రేపు మీరు నాలుగు మామూలు బ్యాట్లు కొని కోర్టు దగ్గర పెట్టండి. వచ్చిన ప్రతి పిల్లాడూ వాటితోనే ఆడాలని చెప్పండి. ఎవరి దమ్ము ఎంతో వారంలో తేలుతుంది.

ఆపాకి మాత్రం వేరేలా చెప్పాను. "అమ్మీ నీకు రేకు నేర్పినప్పుడు మొదటి రోజే కుండ కింద పెద్ద మంట పెట్టిందా?" ఆపా నవ్వింది. "మంట తగ్గించింది రా. అయినా చెయ్యి కాల్చుకున్నా."

4యు బ్యాటు ఒకటి, రెండు డబ్బాల ప్లాస్టిక్ కాక్‌లు, నాలుగు గ్రిప్‌లు పంపాను. పద్నాలుగు వందల బ్యాటు. భాంజా వారం రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేశాడు. సలాం కూడా లేదు. "మామూ, గ్రిప్‌లు అయిపోయాయి, ఇంకో నాలుగు పంపు" అని పెట్టేశాడు.