ఫోకసు: పాత గొప్పలు, కొత్త భ్రమలు

ధర్మపురిలో మన తెలుగు కుటుంబముల పెద్దలు నలుగురు కూడినచో, గోడనున్న తాతగారి చిత్రమును చూపి, "ఆనాటి ఫిల్ము కెమెరా గురి తప్పలేదు; నేటి ఖరీదైన డిజిటల్ కెమెరాలోనే ముఖము మసకగా వచ్చుచున్నది" అనుట పరిపాటి. పిన్నలు దీనికి నవ్వి, "45 మెగాపిక్సెళ్లు గల కెమెరాకు మసక యేమిటి?" అందురు. ఈ రెండు వాదములును తప్పే యని నా మనవి.

పెద్దల వాదమును ముందు పరీక్షింతము. 35 మి.మీ. ఫిల్ముపై చిత్రము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. అందొక బిందువు 0.03 మి.మీ. వరకు వ్యాపించినను స్పష్టముగానే యున్నట్లు లెక్కించుట వాడుక. దానిని ఎనిమిది రెట్లు పెంచి అచ్చువేసి, పుస్తకము చదువు దూరమున చూచినను ఆ మసక కంటికి అందదు. మన ఇండ్లలోని పాత చిత్రములలో అనేకము పోస్టుకార్డంతవే. పైగా మంచి యెండలో కటకపు ద్వారమును కుదించి తీసిన బృందచిత్రమున ముందువరుసయు వెనుకవరుసయు కలిసి స్పష్టముగా వచ్చుట సహజము. ఫిల్ము సయితము కెమెరాలో అద్దమువలె చదునుగా నిలువదు. ఆనాడును గురి తప్పెను. చిన్న కాగితము ఆ తప్పును దాచెను.

ఫిల్మునకు జాగ్రత్త అక్కరలేకుండెనని దీని యర్థము కాదు. 1957లో మదరాసున తెలుగు తమిళములు రెండింటను నిర్మితమైన 'మాయాబజార్'ను, దానికి ఛాయాగ్రహణము నెరపిన మార్కస్ బార్ట్‌లీని మన మెరుగుదుము. చలనచిత్ర నిర్మాణమున నటునికిని కెమెరాకును నడుమ దూరమును టేపుతో కొలుచుట, ఫోకసు త్రిప్పుటకే ఒక సహాయకుని నియమించుట ఆచారము. అంగుళమైన లేని చిత్రము థియేటరు తెరను నింపవలెను గదా! చిత్రమును ఎంత పెంచి చూతుమో అంత జాగ్రత్త వలయును.

ఇక పిన్నలు వినవలెను. అదే 36 మి.మీ. వెడల్పున 8256 పిక్సెళ్లు గల కెమెరాలో ఒక్కొక్క పిక్సెలు సుమారు 0.0044 మి.మీ. మాత్రమే. ఎఫ్ 2.8 ద్వారమున, పాత లెక్క ప్రకారము ఫోకసు ఇటునటు 0.084 మి.మీ. తప్పినను చెల్లెడిది. రెండు పిక్సెళ్లను మించి మసక యుండరాదన్నచో 0.025 మి.మీ. మాత్రమే చెల్లును, అనగా మూడవ వంతుకంటె తక్కువ. అంగుళమునకు 96 బిందువులు గల తెరపై ఆ చిత్రమును పూర్తి పరిమాణమున పరచిన, వెడల్పు ఏడడుగులు దాటును! మెగాపిక్సెళ్లు పెరిగిన కొలది తప్పు బయటపడునే గాని దిద్దబడదు.

ఆటోఫోకసు చూచుకొనునందురా? అద్దము గల కెమెరాలలో దూరము కనుగొను సెన్సరు వేరు, చిత్రము పట్టు సెన్సరు వేరు. రెంటికిని పొత్తు కుదరకున్న గురి ముందుకో వెనుకకో జరుగును. అద్దము లేని కెమెరాలలో ఈ చిక్కు తీరినది. కాని పటమును తీయునపుడు గాజుపై ప్రతిబింబము ముఖ్యమో, లోని తాతగారి ముఖము ముఖ్యమో యంత్రమెట్లు ఎరుగును?

ఇది కేవలము వేడుకకు సంబంధించిన వాదము కాదు. తమిళసీమలో స్థిరపడిన మన యిండ్ల పెట్టెలలో తెలుగు ఉత్తరములు, శుభలేఖలు, వెనుక పేర్లు వ్రాసిన ఛాయాచిత్రములు కలవు. వాటిని చేతబట్టిన కెమెరాతో ఒక్క క్షణమున తీసి, "భద్రమైనవి" అని అసలును చెదలకు వదలుట మహాపరాధము. ద, ధ, థలకు భేదము చిన్న గీత, చిన్న చుక్క. ఆ గీత మసకలో కలిసిన, ధర్మపురి పేరే తప్పిపోవును. తెలుగు చదువుట తగ్గిన మన మనుమలు దానిని ఊహించి దిద్దుకొనగలరా?

కావున కెమెరాను ముక్కాలి పీటపై నిలుపుడు. కాగితమునకు సమాంతరముగా ఉంచుడు. ద్వారమును కొంత కుదించుడు. తీసిన వెంటనే పెద్దదిగా చేసి నడుమను, నాలుగు మూలలను అక్షరమక్షరము చూడుడు. మసకయున్న మరల తీయుడు. నకలు ఎంత చక్కగా వచ్చినను అసలును మాత్రము పారవేయకుడు.