ఆకు మారిస్తే ఇంకో పేపరు

మొన్న శనివారం రాత్రి మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. మేమంతా క్యాంపస్‌లో దొరికిన కంపెనీల్లో దూరిపోతే, "నాకీ కోడింగు గోల వద్దురా" అని ఎంటెక్ చేసి, ఆపైన నానో పీహెచ్‌డీలో చేరిన మహానుభావుడు. ఎక్కడ అనేది అనవసరం. వాడి పని ఆకుల రసంతో వెండి నానోకణాలు తయారు చెయ్యడం. ఏడాదిగా వాణ్ణి తినేస్తున్న సమస్య ఒక్కటే. అదే ఆకు, అదే కొలత, అదే వేడి. సోమవారం చేస్తే కణాలు 12 నానోమీటర్లు, గురువారం చేస్తే 40. ఎందుకలా అవుతోందో తేలుస్తాను, ఆరు నెలలు టైమివ్వండి అని గైడుని అడిగాడట. ఆయన నవ్వి, "ఆకు మార్చవయ్యా, ఇంకో పేపరొస్తుంది" అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ టపా ఆ మంటలో రాస్తున్నదే.

ఈ 'గ్రీన్ సింథసిస్' పేపర్లు చూడనివాళ్ళ కోసం వంటకం చెప్తాను. ఏదో ఒక ఆకు తెచ్చి, కడిగి, నీళ్ళలో మరిగించి వడకట్టండి. ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పొయ్యండి. కాసేపటికి రంగు గోధుమకి తిరుగుతుంది. స్పెక్ట్రోమీటర్లో పెడితే 420 నానోమీటర్ల దగ్గర ఒక గుట్ట కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అందంగా ఉన్న మూల చూసి ఒక ఫొటో తియ్యండి. "కణాలు గోళాకారంలో ఉన్నాయి, సైజు 5 నుంచి 50 నానోమీటర్లు" అని రాసి, చివర్లో రెండు బాక్టీరియాల మీద పోసి చంపండి. అయిపోయింది. వేప అయ్యాక తులసి, తులసి అయ్యాక కరివేపాకు. మన పెరట్లో ఆకులకేం తక్కువ?

ఆ '5 నుంచి 50' దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వ్యాసం పది రెట్లయితే ఘనపరిమాణం వెయ్యి రెట్లు. అంటే ఒక్క 50 నానోమీటర్ల కణంలో ఉన్న వెండితో 5 నానోమీటర్ల కణాలు వెయ్యి చెయ్యొచ్చు. అదే వెండికి బయటికి కనిపించే ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. బాక్టీరియాని చంపేది ఎక్కువగా ఆ ఉపరితలం నుంచి ఊడివచ్చే వెండి అయాన్లే. మరి 5 నుంచి 50 వరకూ అన్నీ కలిసిపోయిన గంజిని పోసి "మా కణాలు బాక్టీరియాని చంపాయి" అంటే ఏ కణాలు చంపినట్టు? మన దగ్గర ఎవడైనా రెస్పాన్స్ టైమ్ 5 నుంచి 5000 మిల్లీసెకన్లు అని రిపోర్టు ఇస్తే క్లయింటు ఊరుకుంటాడా?

నానో శాస్త్రమంటే చిన్నవి చెయ్యడం కాదు. చిన్నవి ఫారడే 1857లోనే చేశాడు, లండన్‌లో, బంగారంతో, ఎర్రటి ద్రావణంగా. ఆ ఎరుపు కణాల చిన్నతనం వల్లే వస్తోందని కూడా పట్టుకున్నాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళ గొడవంతా, కావలసిన సైజులో, కావలసిన ఆకారంలో, మళ్ళీ మళ్ళీ చెయ్యడం ఎలాగా అనేదాని గురించే. 1951లో టర్కెవిచ్ బృందం సిట్రేట్‌తో సుమారు 20 నానోమీటర్ల బంగారు కణాలు చేసి, అవి ఎలా పుడతాయో, ఎలా పెరుగుతాయో ఓపిగ్గా కొలిచింది. 1973లో ఫ్రెన్స్ అదే పద్ధతిలో సిట్రేట్ పాళ్ళు మార్చుతూ 16 నుంచి 150 దాకా ఏ సైజు కావాలంటే ఆ సైజు తెప్పించాడు. ఆయన 16 నుంచి 150కీ మన 5 నుంచి 50కీ తేడా చూడండి. ఆయనది మీట. మనది చిందరవందర.

ఎందుకు చిందరవందర అవుతుందో 1950లో లామెర్ చెప్పాడు. పొలం భాషలో చెప్తాను. మడి మొత్తం ఒకే రోజు నారు పోస్తే మొక్కలన్నీ ఒకే ఎత్తులో లేస్తాయి. రోజుకో గుప్పెడు చల్లుకుంటూ పోతే ఒకటి మోకాలెత్తు, ఒకటి అప్పుడే మొలక. కణాలూ అంతే. బీజాలన్నీ ఒక్క దెబ్బలో పుట్టి, ఆ తర్వాత కొత్తవి పుట్టకుండా ఉన్నవే పెరగాలి. 1993లో బవెండి బృందం వేడి ద్రావకంలోకి రసాయనాల్ని ఒక్క పోటుతో ఇంజెక్ట్ చేసింది ఇందుకే. దాంతో కాడ్మియం సెలినైడ్ కణాలు సైజుని బట్టి ఒక్కో రంగు చూపించాయి. 2023 రసాయన నోబెల్ ఆయనతోబాటు బ్రూస్, ఎకిమోవ్‌లకి వచ్చింది ఈ క్వాంటమ్ డాట్ల పనికే. ఆకు కషాయంలో ఏ రసాయనం ఎంత ఉందో తెలీదు, అది ఎంత వేగంగా వెండిని దించుతుందో తెలీదు. ఇక ఒకే రోజు నారు పొయ్యడం ఎక్కడ?

ఆకారం సంగతి ఇంకా ఘోరం. బంగారు కడ్డీలు చెయ్యడానికి సీటాబ్ అనే సబ్బులాంటి పదార్థం వాడతారు. కొందరు చెప్పిందంతా తు.చ. తప్పకుండా చేసినా కడ్డీలు రావు, గోళాలే వస్తాయి. 2008, 2009ల్లో కార్గెల్ బృందం కూర్చుని వేర్వేరు కంపెనీల సీటాబ్‌లు పక్కపక్కన పెట్టి చూసింది. కొన్ని సీసాల్లో లేశమాత్రంగా అయోడైడ్ కలిసి ఉంది. అది బంగారం ముఖాలకి అంటుకుని కడ్డీ పెరక్కుండా అడ్డుపడుతోంది. చూశారా? డిపెండెన్సీ వెర్షన్ తేడా! సీసా మీద పేరొకటే, లోపలున్నది వేరు. లాట్ నంబరు రాసుకోనివాడు ఈ బగ్‌ని ఎన్నేళ్ళకీ పట్టుకోలేడు. మావాడి సోమవారం, గురువారం తేడా కూడా ఇలాంటిదే ఏదో అయ్యుండొచ్చు. దాన్ని పట్టుకుని ఉంటే అదే అసలు థీసిస్.

ఇక్కడ కొందరు నా మీద పడతారని తెలుసు, మన మొక్కల్ని చులకన చేస్తున్నానని. అయ్యా, నేను ఆకుని అనట్లేదు. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం నిమ్మగడ్డి కషాయంతో బంగారు త్రికోణాలు చేసి 2004లో నేచర్ మెటీరియల్స్‌లో అచ్చేసింది. అక్కడితో ఆగలేదు. కషాయం పాళ్ళు మార్చితే ఆ త్రికోణాలు కాంతిని పీల్చుకునే తీరు ఎలా మారుతుందో 2005లో చూపించింది. ఆకు అదే, మీట దొరికింది. వెనకొచ్చినవాళ్ళు ఆకుని కాపీ కొట్టారు, మీటని వదిలేశారు. సగం కోడ్ ఎత్తుకొచ్చి టెస్టులు అక్కడే వదిలేసినట్టు.

"నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి, నీకెందుకు?" అనేది రెండో మాట. కోవిడ్ టెస్టు కిట్ వాడారా? అలాంటి చాలా కిట్లలో ఆ ఎర్ర గీత బంగారు నానోకణాలదే. ఎక్కువగా 40 నానోమీటర్ల చుట్టుపక్కలవి వాడతారు. బ్యాచికో సైజు వస్తే గీత ఒక పెట్టెలో ముదురుగా, ఇంకో పెట్టెలో కనీకనిపించకుండా పడుతుంది. అప్పుడు పాజిటివా, నెగటివా అని తలపట్టుకునేది మా అమ్మా, మీ నాన్నా.

ఇదంతా పేపర్ల లెక్క వల్ల వచ్చిన జబ్బు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు ఒక పేపరు అచ్చవ్వాలి. 2022లో ఆ షరతు తీసేశారు. షరతు పోయినా లెక్కపెట్టే అలవాటు పోలేదు. నన్నడిగితే, ఆకు ఎప్పుడు, ఎక్కడ కోశారో రాయని పేపరుని, మూడు బ్యాచిలు చేసి మూడింటి సైజులూ చూపించని పేపరుని, కనీసం రెండొందల కణాలు కొలిచి గ్రాఫు గియ్యని పేపరుని తెరవకుండానే వెనక్కి పంపాలి. చెడిపోయిన బ్యాచిలు ఎన్నో కూడా రాయించాలి. "నా మెషీన్లో పనిచేస్తోంది" అన్న టెస్టరుకి మనం ఏం సమాధానం చెప్తామో వీళ్ళకీ అదే చెప్పాలి. (మనలో ఎంతమంది నిజంగా చెప్తారనేది వేరే గొడవ, దాని జోలికి ఇవాళ పోను.)

మావాడు చివరికి ఆకు మార్చాడు. మునగ. పేపరు అచ్చయిందట, లింకు పంపాడు. మూడో పేజీలో ఉంది: గోళాకారం, 8 నుంచి 45 నానోమీటర్లు. కంగ్రాట్స్ చెప్పాలో తిట్టాలో తెలీక ఇంకా జవాబివ్వలేదు.