చచ్చినాక మూడు శాఖలు, బతికున్నప్పుడు ఒక్క జీపు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిక చేసి చదవండప్పా.

తొలకరికి మన వజ్రకరూరు చేన్లలో వజ్రం దొరికిందని మాట పుడితే చాలు, వ్యాపారులు వాలిపోతారు. అదే ఊర్లో ఒక రైతు మందు డబ్బా పట్టుకుని తలుపేసుకున్నాడని ఫోన్ చేస్తే ఎవరొస్తారు? పోలీసు జీపు వస్తాది, 108 వస్తాది. అప్పులోడు బయట నిలబడి "తలుపు తీయ్" అని అరుస్తాడు, యూనిఫాం కూడా అదే మాట అరుస్తాది. లోపలుండే మనిషికి తేడా ఎట్ల తెలుస్తాది? నిదానంగా మాట్లాడేది నేర్చుకున్న ఒక నర్సో, కౌన్సిలరో ఆ జీపులో ఎందుకు ఉండరు?

అదే మనిషి చచ్చిపోతే చూడండి. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖ మూడూ కలిసి విచారణ చేస్తాయి. పాస్‌బుక్కు ఏదీ, కౌలు కాగితం ఏదీ, అప్పు ఎవరిదీ అని అడుగుతారు. లక్షన్నరతో మొదలైన పరిహారం 7 లక్షలయింది. మంచిదే, ఆ ఇంటి ఆడమనిషికి అది కావాల. కానీ శవం కోసం మూడు శాఖలు కలుస్తాయి గదా, ప్రాణం కోసం రెండు కలవలేవా?

చట్టం లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏమంటాది? ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, చూసుకునే బాధ్యత ప్రభుత్వానిదే. కానీ 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 తీసేసి, 226 పెట్టినారు. అధికారి చేత పని చేయించడానికో, ఆపడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది వరకు జైలు పడొచ్చు. అంటే ఇంట్లో చేస్తే రోగి, తహసీల్దార్ ఆఫీసు ముందర చేస్తే నేరస్తుడు! రెండుచోట్లా బాధ ఒకటే కదప్పా.

"కొడవలి ఎత్తితే నర్సు ఏం చేస్తాది?" అంటారు. పోలీసు వద్దని ఎవరన్నారు? పోలీసు పక్కన ఉండాల, మాట మాత్రం తెలిసినోళ్లు మాట్లాడాల.

"అంతమంది డాక్టర్లు యాడ?" అంటారు. మన పక్కనుండే బళ్లారి జిల్లాలో 1980లలోనే బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు పల్లె డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మనసు జబ్బులు చూసేది నేర్పించినారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. నలభై ఏండ్ల కింద పక్క జిల్లాలో అయింది ఇప్పుడు మనకు కాదా? అమెరికాలో యూజీన్ అనే ఊర్లో 1989 నుంచి ఇట్లాంటి ఫోన్లకు వైద్య సిబ్బంది ఒకరు, కౌన్సిలర్ ఒకరు వ్యాన్‌లో పోయేవాళ్లు. డబ్బు సమస్యతో 2025లో అక్కడ ఆగిపోయింది. అందుకే మాటలతో సరిపెట్టకుండా బడ్జెట్‌లో రాసి ఇయ్యాల.

మనం అడగాల్సినవి ఇవి:
112కు ఇట్లాంటి ఫోన్ వస్తే, జీపు బయల్దేరేలోపే టెలిమానస్ 14416ను లైన్లో కలపాల.
ఉరవకొండ, గుంతకల్లు ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సును పెట్టి, జీపుతో పంపాల.
కష్టంలో ఉండే రైతు మీద 226 కేసు పెట్టకూడదు.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఈ మూడూ అర్జీ రాసి ఇస్తాం, రాగలిగినోళ్లు రాండి. అంతవరకు 14416 మీ ఫోన్లో సేవ్ చేసుకోండి. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పక్కింటోడు నాలుగు దినాలుగా గడప దాటకుంటే జీపు కోసం చూడొద్దు, మీరే పోయి తలుపు తట్టండి.