సాయిల్ టెస్ట్ చేయించాం మేడమ్

మొన్న ఒక ఆదివారం ఫ్లాట్ చూడడానికి వెళ్ళాను. జీడిమెట్ల వైపు, ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉన్న స్థలంలో లేస్తున్న టవర్లు. సేల్స్ ఆఫీసులో అద్దాల పెట్టె కింద థర్మాకోల్ చెట్లు, చిట్టి చిట్టి కార్లు, నీలిరంగు స్విమ్మింగ్ పూల్. అక్కడి కుర్రాడు మర్యాదగా అన్నీ చెప్పాడు. క్లబ్‌హౌస్, వాస్తు, లోన్ ఇచ్చే బ్యాంకులు. అంతా విన్నాక అడిగాను: "ఇక్కడ ఇంతకుముందు ఏ కంపెనీ ఉండేది? ఈ మట్టిని టెస్ట్ చేయించారా?"

"సాయిల్ టెస్ట్ చేయించాం మేడమ్, రిపోర్ట్ కూడా ఉంది" అని వెంటనే తీసి చూపించాడు.

అతను అబద్ధం చెప్పలేదు. ఆ నేల చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుందో, ఎంత లోతులో రాయి తగులుతుందో అందులో ఉంది. సీసం ఎంత, క్రోమియం ఎంత, సాల్వెంట్లు ఏమైనా లోపలికి ఇంకాయా అన్నది మాత్రం లేదు. అది అడిగితే అతని ముఖంలో అయోమయం కనిపించింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరట.

ఇంటికొచ్చి నాయినకు చెప్పాను. మా నాయిన అదే ఏరియాలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆయన బట్టలు అమ్మ మా బట్టలతో కలిపి ఎప్పుడూ ఉతకలేదు. "ఆ జాగా సంగతి నాకు తెల్వదు గాని బిడ్డా, మా దాంట్ల అయితే ఎనక గోడ పక్కపొంటి గుంత ఉండె. రాత్రి షిఫ్టుల డ్రమ్ములు ఆడనే ఒంపెటోళ్ళం. చెప్పింది చేసినం" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు ఆ గుంత యాడున్నదో ఎవరికి ఎరుక?" అన్నాడు.

నాయినకు ఎరుక. కానీ నాయినను ఎవరడుగుతారు?

2025 నవంబరులో తెలంగాణ మంత్రివర్గం ఒక పాలసీకి ఆమోదం తెలిపింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్ళకూ, ఆఫీసులకూ, మాల్స్‌కూ మార్చుకోవచ్చు. జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్ లాంటి పేర్లన్నీ అందులో ఉన్నాయి. ప్లాటు ముందున్న రోడ్డు 80 అడుగుల కన్నా తక్కువుంటే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం ఫీజు, అంతకన్నా పెద్దదైతే 50 శాతం. వెంటనే గొడవ మొదలైంది. లక్షల కోట్ల భూమిని అగ్గువకు ఇస్తున్నారని ప్రతిపక్షం, అదంతా అబద్ధమని ప్రభుత్వం. నేను రెండు వారాలు ఆ డిబేట్లన్నీ కూర్చుని చూశాను. ఎకరం ధర ఎంతో అందరూ చెప్పారు. ఆ ఎకరంలో ఏముందో ఒక్కరూ మాట్లాడలేదు.

ఇది చిన్న మరుపు కాదు. భూమి వాడకం మారిందంటే 'శుభ్రం' అనే మాటకు అర్థమే మారిపోతుంది. కెనడా ప్రమాణాలే చూడండి. ఫ్యాక్టరీ నేలలో కిలో మట్టికి 600 మిల్లీగ్రాముల సీసం దాకా పర్వాలేదు. ఇళ్ళుండే చోట 140 దాటకూడదు. ఎందుకంటే ఫ్యాక్టరీలో పెద్దవాళ్ళు బూట్లు వేసుకుని ఎనిమిది గంటలు ఉంటారు. ఇంటి ముందు పిల్లలు రోజంతా మట్టిలో ఆడి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. అంటే ఒక ప్లాటును ఇళ్ళకోసం మార్చుతూ అధికారి సంతకం పెట్టిన క్షణంలో, నిన్నటిదాకా 'పర్వాలేదు' అనిపించిన మట్టే ప్రమాదకరం కావచ్చు. మట్టి మారలేదు, దాని మీద బతికే మనిషి మారాడు. అలాంటప్పుడు సంతకానికి ముందు కొలవాలా, వద్దా?

అనుమానం ఊరికే పుట్టింది కాదు. కాటేదాన్ మట్టి మీద హైదరాబాద్ శాస్త్రవేత్తల అధ్యయనం 2008లోనే అచ్చయింది. సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, రాగి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉన్నాయని తేల్చారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 ప్రాంతాలను అతి తీవ్రంగా కలుషితమైనవిగా లెక్కకడితే, పటాన్‌చెరు-బొల్లారం ఆ జాబితాలో ఉంది.

"ఎప్పుడో మూసేసిన ఫ్యాక్టరీ కదా, ఇన్నేళ్ళలో వానలకు కొట్టుకుపోయి ఉంటుంది" అంటాడు ఒక స్నేహితుడు. సీసం కుళ్ళిపోదు, ఆవిరైపోదు, పడ్డచోటే తరాల తరబడి ఉంటుంది. మందుల తయారీలో వాడే క్లోరిన్ సాల్వెంట్లు కొన్ని నీటికన్నా బరువు. అవి భూగర్భ జలం మీద తేలవు, దాన్ని దాటుకుని కిందికి పోయి మన గ్రానైటు పగుళ్ళలో కూర్చుంటాయి. అక్కడి నుంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బోరు నీళ్ళలో కలుస్తాయి, ఆవిరై పైకొచ్చి సెల్లార్లలోకి చేరతాయి. ఇంకో సంగతి. మూడు సెల్లార్లు తవ్వితే వచ్చే మట్టి ఎక్కడికి పోతుంది? రాత్రిపూట టిప్పర్లు ఏ చెరువు అంచునో, ఏ పల్లపు ప్లాటులోనో పోసి వస్తాయి. గుంత ఒకచోట, విషం పది చోట్ల.

ఈ కథను ప్రపంచం ఇదివరకే చూసింది. అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊళ్ళో లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక రసాయన కంపెనీ దాదాపు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చిపెట్టింది. 1953లో ఆ స్థలాన్ని స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మేసింది. కింద వ్యర్థాలున్నాయనీ, రేపు ఏం జరిగినా తమకు సంబంధం లేదనీ దస్తావేజులోనే రాసుకుంది. అయినా అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్ళు వచ్చాయి. 1978 నాటికి ఇళ్ళ బేస్‌మెంట్లలోకి రసాయనాలు ఊరుతుంటే అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. కలుషితం చేసినవాళ్ళే ఖర్చు భరించాలనే సూపర్‌ఫండ్ చట్టం 1980లో వచ్చింది ఆ తల్లుల పోరాటం వల్లే. అక్కడ కనీసం దస్తావేజులో ఒక వాక్యం ఉంది. మన సేల్ డీడ్లలో ఆ వాక్యం కూడా ఉండదు.

మనకూ చట్టం లేకపోలేదు. కలుషిత స్థలాల నిర్వహణ కోసం కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, కలుషితం చేసినవాళ్ళే ఖర్చు పెట్టుకోవాలి. బాగుంది. కానీ శుభ్రం చేయడం ఎప్పటికి పూర్తవ్వాలన్న గడువు లేదు. అప్పటికి దేశం మొత్తమ్మీద గుర్తించిన స్థలాలు 103, పని మొదలైనవి ఏడు. గడువు లేకపోతే ఏమవుతుందో భోపాల్‌ను అడగండి. నలభై ఏళ్ళ తర్వాత, 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థాలను పీథంపూర్‌కు తరలించి, తర్వాత కాల్చేసి హమ్మయ్య అనుకున్నారు. అక్కడ శుద్ధి చేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులని 2010లోనే అంచనా వేశారు. ఆ మట్టి సంగతి? మన పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయి, హైకోర్టు మీదుగా గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు చూసింది. ఇరవై ఏడేళ్ళు. మా నాయిన సర్వీసు కన్నా ఎక్కువ.

"అయితే ఫ్యాక్టరీలు ఊరి మధ్యలోనే ఉండాలా? అభివృద్ధి వద్దా?" అని అడుగుతారు. పోవాలి. ఆ పొగలో పెరిగినదాన్ని, నాకంటే ఎక్కువ ఎవరు కోరుకుంటారు? నా పేచీ వరుసతోనే. లండన్ 2012 ఒలింపిక్ పార్కు కూడా పాత పారిశ్రామిక నేల మీద కట్టిందే. స్టేడియం కంటే ముందు అక్కడ 'మట్టి ఆసుపత్రి' అని పేరుపెట్టి మట్టిని కడిగే యంత్రాలు నిలబెట్టారు. ముందు కొలిచారు, కడిగారు, తర్వాత కట్టారు. మనం ముందు అమ్ముతున్నాం. కొలవడం గురించి, ఇరవై ఏళ్ళకు ఆ టవర్ల పిల్లలకు జబ్బులొస్తే ఆలోచిస్తాం కాబోలు.

సాహిత్యం చదివే మనకూ ఇందులో వాటా ఉంది. తెలుగు కవిత్వంలో మట్టి అంటే తొలకరి వాసన, అమ్మ, పల్లె. ఆ మట్టి కోసం మనం ఎంత ఏడ్చామో లెక్కలేదు. జీడిమెట్ల మట్టి కోసం ఎవరు ఏడ్చారు? దానికి వానపడితే వచ్చేది మందుల వాసన, అది కవితలో ఇమడదు. అందుకే నగరంలో నేలను మనం 'గజాలు' చేసి బిల్డర్లకు వదిలేశాం. పల్లెలో భూమి పోతే నిర్వాసితుల కథలు రాస్తాం, సంతోషం. నగరంలో చెడిపోయిన నేలను శుభ్రమైనదని అమ్మితే దాన్ని రియల్ ఎస్టేట్ వార్త అనుకుని పేజీ తిప్పేస్తాం.

నేను కోరేవి పెద్ద కోరికలేమీ కావు. పారిశ్రామికవాడలో ప్రతి ప్లాటునూ, మార్చడానికి ముందు, అనుమానిత స్థలంగానే చూడాలి. మట్టికీ, భూగర్భ జలానికీ రసాయన పరీక్ష చేయించి, సర్వే నంబరుతో సహా ఫలితాలు జనం ముందు పెట్టాలి. అందులో పనిచేసినవాళ్ళను, ముఖ్యంగా కాంట్రాక్టు లేబర్‌ను, కూర్చోబెట్టి అడగాలి. ఏ గుంత ఎక్కడుందో మ్యాపుల్లో ఉండదు, వాళ్ళకే తెలుసు. వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళయ్యారు, కొందరు పోయారు కూడా. శుద్ధి ఖర్చు ఆ భూమి మీద ఇన్నాళ్ళూ లాభం తిన్నవాళ్ళదీ, ఇకముందు తినబోయేవాళ్ళదీ కావాలి. ఈఎంఐ కట్టేవాళ్ళది కాదు.

ఆ కుర్రాడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. చదరపు అడుగుకు రెండు వందలు తగ్గిస్తామన్నాడు. నా ప్రశ్న సంగతేమైందని అడిగాను. "మేనేజ్‌మెంట్‌ని అడిగాను మేడమ్, అలాంటి రూల్ ఏదీ లేదన్నారు" అన్నాడు. పక్కన కూర్చుని వింటున్న నాయిన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "బాబూ, ఎనక గోడ దిక్కు ఎన్నడన్న తవ్వి చూసిన్రా?" అని అడిగాడు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.