కాయకు గడ్డి పరుపు, పిల్లకు రేకుల కొలిమి

నూజివీడు మామిడి సంగతి లోకమంతా ఎరుగు. కోసేదీ గంపలకెత్తేదీ మనవాళ్ళే గనక ఆ కాయకు జరిగే మర్యాద మనకు బాగా తెలుసు. నేలకు తగిలితే మచ్చపడుతుందని చిక్కంతో దించుతారు. ఎండ తగలకుండా నీడన పోస్తారు. కింద గడ్డి పరుస్తారు, గాలాడేట్టు పేరుస్తారు. కాయ గురించి ఇంత ఆలోచించేవాళ్ళకు మన పిల్లలు పడుకునే హాస్టలుకు ఏ కప్పు వెయ్యాలో మాత్రం తోచదట! తోచక కాదు, అక్కర లేక.

మేం సంక్షేమ హాస్టళ్ళ అన్నం తిని చదివినవాళ్ళం. మా నెత్తిన సిమెంటు రేకులుండేవి. పరీక్షల రోజుల్లో మధ్యాహ్నం గదిలో కూర్చోలేక పుస్తకాలు పట్టుకుని చెట్ల కిందికి పరిగెత్తేవాళ్ళం. వానొస్తే ఆ మోతకు పక్కవాడి మాట వినపడేది కాదు. పగిలిన రేకు ముక్కలతో ఆడుకున్నాం కూడా. ఆ రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వస్తుందని, ఏ రకమైనా అంతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యాభైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దేశంలో ఇంకా అమ్ముతున్నారు.

రేకు చవకంటారు. ఎవరికి చవక? ఎస్టిమేటులో ఇటుకకు లెక్కుంది, ఇసుకకు లెక్కుంది. పిల్లవాడి జ్వరానికి, తప్పిన పరీక్షకు లెక్క ఏది? చవక కాగితం మీద, ఖరీదు మన పిల్లల ఒంటి మీద!

ఇంకో రకం మోసం ఉంది. ముందు వరండాకు అద్దంలాంటి టైల్సు, గేటుకు గ్రానైటు, ప్రారంభోత్సవానికి రంగులు. వెనక స్నానాల గదిలో తడికి ఉబ్బిన చెక్క తలుపు, పడని గడియ. లోపల ఒక పిల్ల, బయట కాపలాకు ఇంకో పిల్ల. ఇది అభివృద్ధా?

మేం గ్రానైటు అడగడం లేదు. కప్పుకు శ్లాబు వెయ్యండి. దానిపైన సున్నం పూతో, విరిగిన తెల్ల టైలు ముక్కల పరుపో ఉండాలి. లేకుంటే పగలు మింగిన వేడిని శ్లాబు రాత్రంతా కక్కుతుంది. నేలకు బేతంచెర్ల బండ చాలు, స్నానాల గదిలో మాత్రం కాలు జారని గరుకు టైలు. గోడల పగుళ్ళు నల్లులకు కాపురాలు, గట్టి ప్లాస్టరింగు చెయ్యండి. చెయ్యి తగిలే ఎత్తు వరకు కడగడానికి వీలైన ఎనామిల్, ఆ పైన సున్నం. బాత్‌రూములకు తడికి ఉబ్బని పీవీసీ తలుపు, లోపల గడియ. ఎదురెదురు కిటికీలు, దోమల జాలీ. ఇందులో విలాసం ఏముంది?

1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టిన బాబాసాహెబ్, 1925లోనే షోలాపూర్‌లో హాస్టలు తెరిపించారు. బడి ఒక్కటే చాలదని, రాత్రి తలదాచుకునే చోటు లేకుంటే మన పిల్లకు చదువు లేదని ఎరిగిన మనిషి ఆయన. ఈ నూజివీడులోనే 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి పాసైన పల్లె పిల్లలు ఆరేళ్ళు అక్కడే ఉండి చదువుతారు. హాస్టలంటే ఒక రాత్రి సత్రం కాదు, ఏళ్ళ తరబడి బతికే ఇల్లు.

ఇటుక మోసేది మనం. కంకర కొట్టేది మనం. శ్లాబు పోసేది మనం. సిమెంటులో ఎంత ఇసుక కలిసిందో మన తాపీవాళ్ళకు తెలుసు. అయినా ఏది వాడాలో మనల్ని అడిగే నాథుడు లేడు! అందుకే అంటున్నాం: కట్టే ప్రతి హాస్టలు దగ్గర ఎస్టిమేటు తెలుగులో బోర్డు మీద రాయాలి. సామాను ఎంచే చోట హాస్టలు పిల్లలు, వాడ తాపీమేస్త్రీలు కూర్చోవాలి.

సివిల్ ఇంజినీరింగు చదువుతున్న మన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు ఆ ఎస్టిమేటు రాసేది మీరే. రేకులు అని రాసే ముందు ఏప్రిల్ మధ్యాహ్నం ఒక్క గంట వాటి కింద కూర్చుని, అప్పుడు కలం పట్టండి.