కూర్చోబెట్టి జీతమిస్తే ఉద్యోగమైపోదు!



మన జిల్లాలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో చూపులేని తమ్ముడొకడు వీహెచ్ కోటాలో జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. పోటీ పరీక్ష రాసి, సదరం సర్టిఫికెట్ చూపించి తెచ్చుకున్న ఉద్యోగం. చేరిన రోజు నుంచీ రిజిస్టరులో సంతకం పెట్టి, సాయంత్రం దాకా గోడవార కుర్చీలో కూర్చోవడమే అతని పని. కంప్యూటరు ఇచ్చారు గాని అందులో ఎన్‌వీడీఏ వేయలేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అడిగితే "అడ్మిన్ పాస్‌వర్డ్ పైవాళ్ల దగ్గరుంది" అన్నారు. నెలలు గడిచాయి. పోయిన వారం మెమో వచ్చింది: పనితీరు బాగాలేదట! ఆ మెమోనూ స్కాన్ చేసి వాట్సాప్‌లో బొమ్మగా పంపారు. తన మీద ఏం రాశారో తెలుసుకోవడానికి అతను అటెండరును బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఆ మెమో వెనక్కి తీసుకోవాలి. అదొక్కటే చాలదు.

ఆఫీసుల్లో జరిగేది చూడండి. సర్క్యులర్‌ను కంప్యూటర్లో టైపు చేస్తారు. ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి మళ్లీ కంప్యూటర్లోకే ఎక్కిస్తారు. అక్షరాలన్నీ బొమ్మైపోతాయి, స్క్రీన్ రీడర్ నోరు పడిపోతుంది. అను ఫాంటుతో టైపు చేసిన తెలుగు ఇంకా ఘోరం. తెర మీద ముత్యాల్లా కనిపిస్తుంది, చూపులేని మాకు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వినిపిస్తాయి. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది కదా అంటారు. మసక జిరాక్సు, దాని మీద రబ్బరు స్టాంపు, ఆ పైన ఆఫీసరుగారి పచ్చసిరా నోటు. దాన్ని ఏ ఓసీఆర్ చదువుతుందో చదివించి చూపించండి! యూనికోడ్ తెలుగు మీ జేబులోని ఫోన్లోనే ఉంది. డిజిటల్ సంతకమూ ఉంది. పెద్ద ఖర్చులేని పని ఇన్నేళ్లయినా చేయలేదంటే, చేయాలన్న మనసు లేకే.

వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు చదవడానికి వీలైన రూపంలో ఉండాలని వికలాంగుల హక్కుల 2017 నిబంధనలే చెప్పాయి. అలాంటి నిబంధనలు ఉత్త సలహాలుగా మిగిలిపోతే కుదరదు, తప్పనిసరి చేయండని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. విన్నదెవరు?

మాకు ఏదీ దయతో రాలేదు. కుర్చీలల్లమన్నారు, సుద్దముక్కలు చేసుకోమన్నారు, ఎస్‌టీడీ బూత్‌లిచ్చారు. సెల్‌ఫోన్లొచ్చి ఆ బూత్‌లూ పోయాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 1 శాతం ఇచ్చింది. "మీకు తగిన పోస్టులు ఇంకా గుర్తించలేదు" అంటూ అధికారులు ఏళ్లకేళ్లు దాటేశారు. ఆ సాకు చెల్లదని 2010లో సుప్రీంకోర్టు అంది. గుర్తించిన పోస్టుల మీద కాదు, మొత్తం ఖాళీల మీద లెక్క కట్టాలని 2013 అక్టోబరు 8న తేల్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ పనికి కావలసిన వసతి కల్పించడం ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత అంటోంది. అంటే ఆ తమ్ముడి కంప్యూటరు పాస్‌వర్డ్ నొక్కిపెట్టడం చట్టాన్ని మీరడమే. తొలి తప్పుకు 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అది వేసేదాకా ఊరుకోం.

పింఛను ఇస్తున్నాం కదా అనేవాళ్లకు జవాబు: 4,016 రూపాయలు మీరూ తీసుకుని ఇంట్లో కూర్చోండి. చూపులేనివాళ్లు ఏం చేయగలరు అనేవాళ్లకూ ఒక మాట. చూపు లేదన్న కారణంతో న్యాయమూర్తి ఉద్యోగానికి అడ్డుపడరాదని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంటర్లో సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెక్కి సాధించుకున్న బొల్లా శ్రీకాంత్ ఫ్యాక్టరీ పెట్టి పదిమందికి పనిస్తున్నాడు. తీర్పు చెప్పగలవాడు, కంపెనీ నడపగలవాడు మీ ఆఫీసులో ఇన్‌వర్డ్ రిజిస్టరు రాయలేడా?

"అర్హులు లేరు" అని రాసి వీహెచ్ పోస్టును మూసేసే ఆట కూడా కట్టించాలి. ఆ ఖాళీ మరుసటి ఏటి నియామకానికి వెళ్లాలని 2016 చట్టం 34వ సెక్షన్లో ఉంది. ప్రతి శాఖకూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టి బ్యాక్‌లాగ్ లెక్క అడగండి. ప్రైవేటు కంపెనీలకూ సమాన అవకాశాల విధానం ఉండాలని అదే చట్టం అంటోంది. ఇంటర్వ్యూకు వెళ్తే అది చూపించమనండి.

ఆఫీసుల్లో పనిచేసే మిత్రులారా, మీరు ఆర్డరు కోసం ఆగొద్దు. రేపటి నుంచే యూనికోడ్‌లో టైపు చేయండి, స్కాన్‌తో పాటు అసలు ఫైలు కూడా పంపండి.

వచ్చే సోమవారం పొద్దున పదింటికి కలెక్టరేట్‌లో ప్రజావాణికి కదలిరండి. సదరం నకలు, మిమ్మల్ని కాదన్న కాగితాలు ఏవైనా ఉంటే అవీ తెచ్చుకోండి. అర్జీ బ్రెయిలీలోనూ, యూనికోడ్ ఫైలుగానూ ఇస్తాం. జవాబు మేం చదువుకోగలిగిన ఫైలుగా అడుగుతాం. స్కాన్ కాపీ ఇస్తే అక్కడే తిరిగిచ్చేస్తాం.